భాయ్ సంతకం పెట్టని మాట

గుంటల భాయ్ చనిపోయారని ఫోన్ వచ్చేసరికి నేను నెల్లూరులో మా వకీలు ఎదురుగా కూర్చుని ఉన్నాను. మర్నాడు మా తగాదా తీర్చే మధ్యవర్తి ముందుకొచ్చి భాయ్ ఒక్క మాట చెప్పాలి. ఆ మాట కోసమే కొన్నాళ్లుగా తిండి సహించక, ఒకచోట నిలవలేక తిరుగుతున్నాను. "ఇప్పుడెట్లా మేడమ్?" అన్నాడు వకీలు. "పోయింది మనిషయ్యా!" అని కసిరి బయటికొచ్చేశాను. మెట్లు దిగుతుంటే నాదీ అదే ప్రశ్న.

విడవలూరు దాటాక సముద్రం వైపు ఆయనకు రొయ్యల గుంటలున్నాయి. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే ఫోన్లో అలారం మోగే సాఫ్ట్‌వేర్ ఆయన కోసం తయారుచేశాను. అది ఆయన గుంటలకు మాత్రమే అని, ఏ మార్పు చేసినా రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టాలని అగ్రిమెంటు. ఆయన చదవనే లేదు. "నువ్వు చదివినావు గదా పాపా, చాల్లే," అని సంతకం గీకేశారు.

కుర్చీలో కుదురుగా కూర్చోవడం ఆయనకు చేతకాదు. గట్టు మీద నడుస్తూనే టీ తాగేవారు, నడుస్తూనే పనివాళ్లను తిట్టేవారు. వెనకాల బురదలో జారుతూ నేను. మాట ఖాయం చేసేటప్పుడు మాత్రం ఆగి, చెయ్యి చాపేవారు. ఆయన వ్యాపారమంతా అట్లాగే నడిచింది. రొయ్యలు కొనేవాళ్లు గట్టు మీదే చెయ్యి కలిపి సరుకు ఎత్తుకుపోయేవారు. కాగితం అడిగినవాడికి ఆయన మళ్లీ రొయ్య అమ్మేవారు కాదు.

ఒకరోజు తెల్లవారుజామున అలారం మోగింది. భాయ్ మనుషులు పరుగెత్తి, నీళ్లు చిలికి గాలి ఎక్కించే ఏరేటర్లు తిప్పారు, ఆయన రొయ్యలు బతికాయి. పక్క గుంట కౌలుకు చేసే ఆమెకు అలారం లేదు. నేను వెళ్లేటప్పటికి ఆమె చచ్చిన రొయ్యలను గంపలకు ఎత్తుతోంది. భాయ్, ఆయన అన్న కొడుకు కూడా గంపలు పట్టుకుని సాయం చేస్తున్నారు. భాయ్ గంప దించి నా దగ్గరికొచ్చారు.

"పాపా, ఆయమ్మ గుంటకి కూడా పెట్టు. ఈ చుట్టూ ఉండే చిన్న గుంటలన్నిటికీ పెట్టు."

"అగ్రిమెంటులో మీ గుంటలకే అని ఉంది భాయ్. ఒక ముక్క రాసిస్తే..."

ఆయన ముఖం మాడిపోయింది. "చెయ్యిచ్చి చెప్తా ఉంటే కాగితం అడుగుతావా? రేపు నేను కాదంటాననే గదా!"

ఇంకేం మాట్లాడను! చెయ్యి కలిపాను, అలారాలు పెట్టేశాను. ఆమె మళ్లీ పంట వేసుకుంది.

తర్వాత భాయ్ మంచాన పడ్డారు. పెత్తనం చేతికొచ్చిన అన్న కొడుకు నాకు నోటీసు పంపాడు. నేను ఒప్పందం మీరానట, పక్క గుంటల్లో అలారాలు వెంటనే ఆపేయాలట. ఆమె నాకు ఫోన్ చేసి, "ఆపేస్తే ఈ పంట కూడా పోతాది. మేం ఏమైపోవాల?" అంది. నేను ఆపలేదు, తగాదా మధ్యవర్తి దాకా పోయింది.

భాయ్ మాటలు ఫోన్లో రికార్డు చేసుకు రమ్మన్నాడు వకీలు. వెళ్లి అడిగితే మంచం మీదే లేచి కూర్చున్నారు. "దొంగ మాదిరి ఫోన్లో చెప్పేదేంది? నేనే వస్తా. వాడి ఎదురుగా నిలబడి చెప్తా."

"మీకు లేచే ఓపిక ఏదీ భాయ్?" నాకు ఒళ్లు మండిపోయింది.

"నువ్వు మోసుకుపో. ముందు అన్నం తిను, లేకపోతే ఇద్దరం పడతాం," అని నవ్వారు. తిన్నాను, ఏం చేస్తాను! ఆ మొండితనం మీద నాకు ఇవాళ్టికీ కోపమే. ఇంకొక్క రోజు ఉండకూడదా?

భాయ్ పేరున ఫాతిహా ప్రార్థనలు అయ్యాక మధ్యవర్తి మమ్మల్ని పిలిచారు. కాసేపు కాగితాలు తిరగేసి, అన్న కొడుకు వైపు చూశారు. "మీ చాచా ఆ మాట అన్నారా?"

"కాగితం మీద లేదు సార్."

"నేనడిగింది అది కాదు."

అతను తల వంచుకున్నాడు. కాదంటే చేసేదేమీ లేదు. ఇంటికెళ్లి నా చేత్తో నేనే ఆ అలారాలు ఆపాలి.

"అన్నాడు సార్," అన్నాడు చివరికి. "నేను ఆడనే ఉండాను. చాచాను మట్టిలో పెట్టి వచ్చి, ఆయన అనలేదని నేను చెప్పలేను."

ఆ మాటను మధ్యవర్తి కాగితం మీద పెట్టించారు. అతనూ నేనూ సంతకాలు చేశాం. భాయ్ బతికుంటే ఆ కాగితాన్ని అక్కడే చింపేసేవారు. బయటికొచ్చాక అతను, "వస్తానక్కా," అని మాత్రం అని వెళ్లిపోయాడు.

గెలిచినా నాకు కుదురు చిక్కలేదు. మర్నాడు తూరుపు తెల్లబడుతుండగా నా ఫోన్లో ఆమె గుంట అలారం కనబడింది. కంగారుగా ఫోన్ చేశాను.

"లేచినా పాపా, తిప్పేసినా," అంది ఆయాసపడుతూ. "ఈ పొద్దు భాయ్ ఉండుంటే, ముందు ఆయనే కేకేసుండేవాడు." ఆ మాట మీదే ఏడ్చేసింది.

నేనూ అప్పుడే ఏడ్చాను. ఆమె ఫోన్ పెట్టేయడం మరిచిపోయినట్టుంది. నాకూ పెట్టేయబుద్ధి కాలేదు. కిటికీలో వెలుగు వచ్చేసినా, అవతల ఏరేటర్ల చక్రాలు నీళ్లను కొడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.