ఉన్న ఒక్క ఆక్సిజన్ మిషన్

జగ్గయ్యపేటలో మేం పదిమంది కలిసి నడుపుతున్న సేవా సంఘానికి ఉన్నది ఒకే ఒక్క ఆక్సిజన్ మిషన్. అడిగినవాళ్లకు ఊరికే ఇస్తాం, వాళ్లకు నయమయ్యాక తెచ్చుకుంటాం.

ఈ ఉదయం నందిగామ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. వాళ్లమ్మను ఆసుపత్రి నుంచి పంపించేశారట, కొన్నాళ్లు ఇంట్లోనూ ఆక్సిజన్ పెట్టమన్నారట. మిషనేమో మా ఊళ్లోనే కిరాణా కొట్టు సుబ్బారావు గారింట్లో ఉంది. ఆయనకు ఇక అక్కర్లేదని డాక్టరు చెప్పి నాలుగు రోజులైంది. అయినా మొహమాటపడుతూనే వాళ్లింటికి వెళ్లాను.

విషయం చెప్పగానే సుబ్బారావు గారు, "తీసుకెళ్లండి, నాకు బానే ఉందిగా" అన్నారు. అన్నారే గానీ మిషన్ వంకే చూస్తూ ఉండిపోయారు. ఆయన భార్య రమణమ్మ గారు తనే ప్లగ్గు తీసి, పైపు చుట్టి ఇచ్చారు. ఆటోలో ఎక్కించాక దగ్గరికొచ్చి మెల్లగా అడిగారు.

"మళ్లీ ఈయనకి ఆయాసం వస్తే తెచ్చిస్తారు కదండీ?"

"తప్పకుండా తెచ్చిస్తానండి. ఫోన్ చెయ్యండి చాలు" అన్నాను.

సాయంత్రం నందిగామలో ఆ తల్లి ఊపిరి కుదుటపడ్డాకే తిరిగి బస్సెక్కాను. ఇంటికొచ్చినప్పటి నుంచి ఫోన్ మోగిన ప్రతిసారీ రమణమ్మ గారేమోనని చూస్తున్నాను. మాట ఇచ్చేశాను గానీ ఎక్కణ్ణుంచి తేవాలో నాకే తెలియదు. మీ ఇళ్లల్లో మంచం కింద దుమ్ము పట్టిన మిషన్ ఏదైనా ఉందా? కంచికచర్ల అయినా, గరికపాడు అయినా నేనే వస్తాను. ఆవిడ ఫోన్ చేసేలోపు చెప్పండి.