దారిలో ఉన్నారండీ

మొన్న తాడేపల్లిగూడెం నుంచి పెళ్లివారు ఫోన్ చేసి, ఎక్కడిదాకా వచ్చారని అడిగారు. ఏలూరులో మంచం మీద కూర్చుని, చొక్కా కూడా తొడుక్కోకుండానే, "దారిలో ఉన్నానండీ" అన్నాను. మా వైపు ఈ అబద్ధానికి పాపం అంటదు. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ మాట చెవిలోనే ఉండిపోయింది. రెండు వేల ఏడో, ఎనిమిదో, ఒక ఆదివారం కొల్లేటి ఒడ్డున అదే మాట విని నేను నిలువునా అదిరిపోయాను.

మా నాన్న కొల్లేటికోట దగ్గర చిన్న ఊళ్లో చేపల చెరువు చేసేవాడు. ఊరి చర్చిలో హాజరు పుస్తకం ఆయన చేతిలోనే ఉండేది. బళ్లో పిలిచినట్టే అక్కడ ప్రతి ఆదివారం పేర్లు పిలుస్తారు. వచ్చినవాళ్లు "ఉన్నానండీ" అనాలి. రానివాళ్ల తరఫున ఇంటివాళ్లు, జ్వరమండీ అనో, జంగారెడ్డిగూడెం వెళ్లారండీ అనో కారణం చెప్పాలి. ఒకసారి ఒకావిడ, "అలిగి పడుకున్నారండీ" అంటే చర్చంతా గొల్లున నవ్వింది. అక్కడ సంఘ పెద్ద మా మామయ్య, అంటే మా నాన్న అక్క భర్త. ఒక ఆదివారం లారీ వచ్చిందని మా నాన్న ఆరాధన మాని చెరువులో చేపలు పట్టించాడు. కూలీలనూ చర్చికి పోనివ్వలేదు. మరుసటి వారం మామయ్య అందరి ముందూ, "నీ సంగతి సరే బామ్మర్దీ, వాళ్లనెందుకు ఆపావు?" అని అడిగాడు. మా నాన్న విసురుగా లేచాడు. హాజరు పుస్తకం తీసుకెళ్లి పక్కనున్న కాలవలోకి విసిరేసి, "నాకు మీరూ వద్దు, మీ దేవుడూ వద్దు" అని ఏలూరులో నా దగ్గరికి వచ్చేశాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు, మా ఇంట్లో ఎవరు ప్రార్థనకు కూర్చున్నా టీవీ సౌండు పెంచేవాడు.

గుండె ఆపరేషన్ ఖాయమయ్యాక ఒకరోజు ఆయనే టీవీ కట్టేశాడు. "ఒరేయ్, కత్తి కిందకి వెళ్లేముందు ఆ చర్చిలో ఒక్కసారి ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకోవాలని ఉందిరా. గెంటేస్తే మాత్రం తట్టుకోలేను. పేపరోడివి కదా, నా పేరు కొట్టేశారేమో గుట్టుగా కనుక్కురా."

"పుస్తకమే లేకపోతే పేరెక్కడుంటుంది నాన్నా?"

"అదేరా నా భయం."

వెళ్లి చివరి వరసలో కూర్చున్నాను. మామయ్య చేతిలో కొత్త పుస్తకం ఉంది. పేర్లు గడిచిపోతున్నాయి. ఉన్నట్టుండి మా నాన్న పేరు పిలిచాడు. నేను తేరుకునేలోపే చర్చంతా ఒక్క గొంతుతో, "దారిలో ఉన్నారండీ" అంది. ఎవరూ తలెత్తలేదు, ఎవరూ నవ్వలేదు. మా నాన్న ముఖమైనా ఎరగని పిల్లలు కూడా ఎక్కం అప్పజెప్పినట్టు అనేశారు. పేపర్లో ప్రమాదాలూ హత్యలూ రాసి మొద్దుబారిన నాకు ఆ తర్వాత పిలిచిన పేర్లు ఒక్కటీ చెవికెక్కలేదు.

బయటికొచ్చాక మామయ్యను పట్టుకున్నాను. "ఆయన పుస్తకం కాలవలో పారేశాడు కదండీ?"

"పుస్తకమేగా పారేసింది. పేర్లు నాకు నోటికొచ్చు."

"రానన్న మనిషిని తొమ్మిదేళ్లుగా దారిలో ఉన్నాడంటే అబద్ధం కాదా అండీ?"

మామయ్య నవ్వాడు. "రానన్నది ఆయన. దేవుడు అనలేదుగా. దేవుడు కొట్టెయ్యని పేరు కొట్టెయ్యడానికి నేనెవర్ని?"

పక్కనే ఉన్న అత్తయ్య నన్ను ఎగాదిగా చూసి, "పేపరోడా, పెద్ద ఆరాలు తీస్తున్నావు గానీ, నిన్నెవరు పంపారో చెప్పు ముందు" అంది. బస్సుకు టైమైందని తప్పించుకున్నాను.

ఇంటికొచ్చి చెబితే మా నాన్న ముఖం పాలిపోయింది. "ఎవరూ తిట్టలేదా?" అని మూడుసార్లు అడిగాడు. తిడితే ఎదురు తిట్టడానికి ఆయన దగ్గర తొమ్మిదేళ్ల మాటలున్నాయి. దీనికి ఒక్కటీ లేదు.

తర్వాతి ఆదివారం తీసుకెళ్లాను. ఆయన పేరు రాగానే అలవాటు కొద్దీ నోళ్లు తెరుచుకున్నాయి. అత్తయ్య చెయ్యెత్తి ఆపింది. మా నాన్న లేచాడు గానీ గొంతు రాలేదు. మామయ్య తర్వాతి పేరుకు వెళ్లకుండా, పెన్ను పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడో చెప్పలేను. మేము తొమ్మిదేళ్లుగా లెక్కపెట్టుకున్న కాలం, ఎదురుచూసినవాళ్లకు ఇంకా ఆయన వెళ్లిపోయిన ఆ ఒక్క ఆదివారమే.