మౌనిక ఎత్తుకున్న పాట

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను నేను మొహం మీదే ఆట పట్టిస్తాను. వాడలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు అన్నం తిన్నదా అని అడుగుతాను. రఘునాథపల్లిలో బట్టలు కుట్టుకుని బతికేదాన్ని, సూదిలో దారం ఎక్కిందా లేదా అన్నదే నాకు నిజం. అయినా ఈ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇది నా బిడ్డ సంగతి.

మౌనిక జనగామలో డిగ్రీ చదువుతోంది. ఫోను పట్టిందంటే దాని బొటనవేలు ఆగదు. ఒక వీడియో అయ్యేలోపే ఇంకోటి. ఏం చూశావే అంటే చెప్పలేదు, అప్పటికే మరిచిపోయి ఉంటుంది. పక్కనే కూర్చున్న మా అత్తమ్మ, "జర ఇటు సూడు బిడ్డా, ఒక్క పాటన్న నేర్సుకో" అని బతిమాలేది.

"ఆగు బాపమ్మా, గిదొక్కటి" అనేది మౌనిక. ఆ ఒక్కటీ ఏనాడూ అయిపోలేదు.

మా వాడలో బతుకమ్మ పాట ఎత్తేది అత్తమ్మే. ఆమె చరణం చెబితే మిగతా ఆడవాళ్ళం ఉయ్యాలో అని అందుకునేవాళ్ళం. అందుకోవడమే తప్ప ఎత్తడం మాలో ఒక్కరికీ రాదు. ఆమె చనిపోయాక, ఆమెతో పాటే ఆ పాటలూ పోయాయని నాకు మనసు కలుక్కుమనేది. వాటి బదులు డీజే బాక్సులు వచ్చాయి.

పోయిన సద్దుల బతుకమ్మ నాడు, పొద్దుగూకే వేళ, బతుకమ్మల చుట్టూ తిరుగుతున్నాం. ఉన్నట్టుండి కరెంటు పోయింది. బాక్సు నోరు మూసుకుంది. పాట లేక అందరం బొమ్మల్లా నిలబడ్డాం. కొందరు ఫోన్లు తీశారు. మౌనిక ఫోను పొద్దంతా చూసీ చూసీ అప్పటికే ఆగిపోయింది.

అప్పుడు నా వెనక పాట లేచింది. మౌనిక! చప్పట్లు తప్పకుండా, తడబడకుండా, చరణం వెనక చరణం. తీసిన ఫోన్లు మళ్ళీ కొంగుల్లోకి పోయాయి. వాడంతా అందుకుంది. వెనక్కి తిరిగి నా బిడ్డను గర్వంగా చూసుకుంటూ నేనూ ఉయ్యాలో అన్నాను.

మధ్యలో ఒక చరణం వచ్చింది. "గునుగు దేబోయిండు ఉయ్యాలో, మా యన్న ఎల్లయ్య ఉయ్యాలో." అది మేమెవ్వరం ఎన్నడూ వినలేదు.

మహబూబాబాద్ నుంచి పండుగకు వచ్చిన అత్తమ్మ చెల్లెలు అరుగు మీద కూర్చుని ఉంది. ఆ మాట చెవిన పడగానే బోరున ఏడ్చింది. బచ్చన్నపేట దిక్కు వాళ్ళ తల్లిగారి ఊళ్ళో, వాళ్ళ అన్న ఎల్లయ్య బతుకమ్మకు గునుగు పూలు కోయబోయి పాము కరిచి చనిపోయాడట. ఆ ఏడు అత్తమ్మ కట్టిన చరణమట అది. తల్లి తట్టుకోలేదని మళ్ళీ నోట రానివ్వలేదట.

"గీ పోరికి ఎవలు చెప్పిన్రే?" అని నన్నడిగింది.

మిగతా పాటంటే, కళ్ళు ఫోనులో ఉన్నా చెవులు బాపమ్మ దగ్గరే ఉండి ఉంటాయని సరిపెట్టుకోవచ్చు. అత్తమ్మ మా ఇంట్లో ఎన్నడూ పాడని చరణానికి ఏం చెప్పను?

మౌనికనే అడిగాను. "నాకేం ఎర్కలేదమ్మా. ముంగట నువ్వు చెప్తుంటే, గదే నేను పాడిన" అంది.

ఆ వేళ దాని ముందు ఉన్నది నేనే. ఉయ్యాలో అనడానికి తప్ప నేను నోరు విప్పలేదు.

ఇప్పుడు సాయంత్రం వాడలోని ఆడపిల్లలు ఫోన్లు నా కుట్టుమిషన్ సొరుగులో పడేసి, మౌనిక చుట్టూ చేరి పాటలు నేర్చుకుంటున్నారు. ఆ రోజు మౌనికకు ముందు నుంచి చరణాలు అందించింది ఎవరో నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు. వాడంతా అందుకునేలా ఎత్తింది మాత్రం నా బిడ్డే.