చీపురు పెద్దమ్మ కట్టించిన గ్యాస్ గుంత

కొండ మీది ఆ ఊళ్లో ఆమెను అందరూ చీపురు పెద్దమ్మ అంటారు. ఎదుట కాదులెండి, చాటుగా. ఆమె ఇంట్లో వాలాలంటే ఈగ కూడా కాళ్లు కడుక్కోవాలి!

అలాంటి మనిషి పేడ గ్యాసుతో వంటంటే ఒప్పుకుంటుందా? మొదట ముక్కు మూసుకుంది. కానీ కట్టెల పొగకు రెండేళ్ల మనవరాలికి ఊపిరాడక గోళ్లు నీలంగా మారిన రోజు ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. ఇంకో చలికాలం ఈ పొగలో ఉంచితే పిల్ల దక్కదని డాక్టరు తేల్చేశాడు. కొండ కింద పుట్టింట్లో సిలిండరు ఉంది, అక్కడికి తీసుకుపోతానంది కోడలు. మనవరాలు లేని ఇల్లు పెద్దమ్మ ఊహకే అందలేదు. కొడుకు నాన్చుతుంటే అన్నం మానేసి మొండికేసి, కొట్టం పక్కన గోబర్ గ్యాస్ గుంత కట్టించింది.

నీలిమంట వెలిగింది. పిల్ల హాయిగా నిద్రపోయింది. ఇక పెద్దమ్మ కాలు నేల మీద నిలిస్తే ఒట్టు. తమ పొయ్యి వెలిగిస్తున్న గేదెల చోటు అద్దంలా ఉండాలని పంతం పట్టి, పొద్దున్నే కొట్టమంతా తానే కడిగేది.

సరిగ్గా చలి ముదిరే వేళకు మంట సన్నబడి, చివరికి ఆరిపోయింది. మళ్లీ కట్టెల పొయ్యి రాజేశారు. పిల్లకు ఎగశ్వాస మొదలైంది. పెద్దమ్మ గుంత కట్టిన మేస్త్రీ ఇంటిమీదికి పోయి, పసిదాని ఉసురు తగులుతుందని వీధంతా వినేలా దులిపేసింది.

పాపం, ఆయన వెంట వచ్చాడు. గొట్టాలు చూశాడు. గుంతలోని పేడనీళ్లు కాసిని అరచేతిలో పోసుకుని వాసన చూశాడు.

"పెద్దమ్మా, కొట్టం దేంతో కడుగుతున్నావు?"

"ఫినాయిలుతో. ఏం?"

మేస్త్రీ అరచేతిలోని నీళ్లు పారబోశాడు. గ్యాసును పుట్టించేది పేడలో కంటికి కనపడని సన్నటి పురుగులేననీ, ఫినాయిలు కాలువ వెంట గుంతలోకి పోయి వాటిని చంపేసిందనీ మెల్లగా చెప్పాడు. ఖాళీ చేసి మళ్లీ నింపినా, ఈ చలికి ఆ పురుగులు పెరగవనీ, ఎండలు వచ్చేదాకా మంట రాదనీ అన్నాడు.

పెద్దమ్మ కొట్టం మూలనున్న ఫినాయిలు సీసా వైపు చూసింది. పురుగుల్ని చంపడానికే గదా రోజూ ఆ సీసా ఒంపింది! ఒక మూత చాలదేమోనని రెండేసి మూతలు పోసిందాయె.

కోడలు సంచి సర్దుకుని పిల్ల కోసం చేతులు చాచింది. పిల్ల నాయనమ్మ మెడ వదలనని ఏడుపు లంకించుకుంది. ఆ చిన్న వేళ్లను పెద్దమ్మే ఒక్కొక్కటిగా విప్పింది.

"తీసుకుపో అమ్మా. నా దగ్గరుంటే ఇది బతకదు."