గోడ మీది వంకాయ విత్తనం

మా మేనత్త తన వంకాయ విత్తనాన్ని తానే పోగొట్టుకుందని చుట్టాలంతా అంటారు. గోడ గీకింది ఆమే, నిజమే. గీకమన్నది నేను.

నాందేడ్‌లో నాది విత్తనాల దుకాణం. అత్తది కుండల్‌వాడి దగ్గరి పల్లె. ఆమె ముళ్ల వంకాయలు సంతలో దించిన కాసేపటికే అయిపోయేవి. ఏటా ఒక మంచి కాయను చెట్టు మీదే పండనిచ్చి, గింజలు కడిగి, పేడలో కలిపి వంటింటి గోడకు బిళ్లలుగా అద్దేది. తొలకరికి మిరుగం కార్తె రాగానే ఒక బిళ్ల తనకు, తక్కినవి అడిగినవాళ్లకు.

ఒక ఏడు కంపెనీ మనిషి హైబ్రిడ్ వంకాయ పొట్లాలు పెట్టెల కొద్దీ దించి, ఈసారికి ఉత్తగా పంచమన్నాడు. వీటి గింజ దాచి వేస్తే మళ్లీ ఇలాంటి కాయ రాదని, అందుకే వచ్చే ఏడు అందరూ కొనడానికి దుకాణానికే వస్తారని చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను. మొదట అత్త దగ్గరికే పోయాను. ఆమె తీసుకుంటే పల్లె అంతా తీసుకుంటుంది.

పొట్లాన్ని తిప్పి చూసి, "సేఠ్ అయినంక మొదటిసారి ఉత్తగ ఇస్తున్నవ్ అల్లుడా. జరమొచ్చిందా ఏంది?" అంది. అప్పుడు ఇంటికి సున్నం వేయిస్తోంది.

"గా పేడ ఇంకెందుకత్తా, గీకెయ్యి. గోడ సాఫ్ ఉంటది," అన్నాను.

ఆ ఏడు కాయ విరగకాసింది. అత్త ఎప్పటిలాగే ఒక కాయను పండనిచ్చి, కొత్త సున్నం మీద బిళ్లలు అద్ది, ఊళ్లో పంచింది. చూసి కూడా ఊరుకున్నాను. మరుసటి ఏడు ఒక చెట్టుకు పొడుగు కాయ, ఒకదానికి గుండ్రటిది, చాలావాటికి పూతే తప్ప కాయ లేదు. ఆమె చెయ్యి చెడిందన్నారు. ఆమె కూడా నమ్మింది. పాత విత్తనం కోసం దెగ్లూర్‌లో ఆడబిడ్డ ఇంటి దాకా పోయింది. అక్కడా హైబ్రిడ్ పొట్లాలే.

అప్పటినుంచి ఏటా నా దగ్గరే కొంటోంది. పోయిన మిరుగానికి వచ్చినప్పుడు అంతా చెప్పేశాను.

"నీకు ముందుగాలనే ఎర్కనా?" అంది.

ఎరుకేనన్నాను. పొట్లం చేతిలో పెట్టి పైసలు వద్దన్నాను. ఆమె కొంగుముడి విప్పి నోట్లు బల్ల మీద పెట్టింది.

"తీస్కో. నీ దగ్గర ఇంకోసారి ఉత్తగ తీస్కోను."

తీసుకున్నాను.

చుట్టాలెవరికీ ఆమె ఈ సంగతి చెప్పలేదు. మొన్న ఒక పెళ్లి బంతిలో వంకాయ కూర వడ్డిస్తుంటే, ఎవరో మళ్లీ ఆమె చేతి మీద పరాచికమాడారు. నేను ఎదుటి వరుసలోనే ఉన్నాను. అత్త విస్తరిలోకి చూస్తూ తింది. నేనూ తిన్నాను.