పసుపు రంగు గడప

ఈ రోజు మా పాప అన్వికి నాలుగేళ్లు నిండాయి. సాయంత్రం బోధన్ నుంచి అక్కావాళ్లు వచ్చేలోపు ఇల్లు కాస్త మెరవాలని, పొద్దున్నే నేనొక ఘనకార్యానికి పూనుకున్నాను. మోకాళ్ల నొప్పితో అమ్మ ప్రతి శుక్రవారం వంగి గడపకు పసుపు రాయడం చూడలేక, గడపంతా పసుపుపచ్చ ఆయిల్ పెయింట్ వేసేశాను. పైన ఎర్రరంగుతో బొట్లు కూడా పెట్టాను.

అమ్మ వచ్చి చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"గిదేంది కొడుకా?"

"ఇగ నువ్వు వంగుడు అవసరం లేదవ్వా. పదేండ్లు పోదు."

"పసుపు పండిచ్చేటోళ్లం మనం. ఇంట్ల బస్తాలు పెట్టుకొని డబ్బాల రంగు పూస్తవా? మన బాల్కొండ ఊర్ల నలుగురు ఇంటే నవ్వుతరు!"

మేం వాదించుకుంటుండగానే అన్వి కొత్త గౌనులో పరుగెత్తుకొచ్చి, ఆరని గడప మీద అరచేయి ఆనించింది. ఐదు వేళ్లూ అచ్చుపడ్డాయి. ఉసూరుమంటూ సరిచేద్దామని బ్రష్ అందుకుంటే, అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ముట్టకు. ఉండనీ."

సాయంత్రానికి రంగు ఆరింది. అమ్మ గిన్నెలో పసుపు కలిపి తెచ్చి, నా మాట వినకుండా వంగి, ఈ చివర నుంచి ఆ చివర దాకా నా పెయింట్ మీదే పూసింది. చేతి అచ్చును మాత్రం వదిలేసింది.

"పదేండ్లు పోదన్నవు గదా. గదొక్కటి పోకుంటే సాలు."

నేనంత కష్టపడి వేసిన రంగు ఇప్పుడు కనిపించేది ఆ బుల్లి అరచేయంత మేరే. మీ ఇళ్లలోనూ మగవాళ్ల పనితనానికి ఇంతే చోటు దొరుకుతుందా?