బావ వ్యాన్‌కి మూడు ఫొటోలు

నాకు కాలు ఒకచోట నిలవదు. సెలవు రోజున ఇంట్లో కూర్చుంటే గోడలు మీద పడుతున్నట్టుంటుంది. కెమెరా, స్టాండు బండికి కట్టుకుని బయల్దేరిపోతాను. దువ్వాడ స్టేషన్ వెనక ముళ్లపొదల్లో మునిగిపోయిన లారీ, అచ్యుతాపురం రోడ్డు పక్కన అద్దాలన్నీ పోయిన కంపెనీ బస్సు, టైర్లు మట్టిలో కూరుకుపోయిన ట్రాక్టరు. తుప్పు పట్టేలా వదిలేసిన బండి కనిపిస్తే చాలు, ఆగిపోతాను. పెళ్లిళ్లలో నవ్వే మొహాలు తియ్యొచ్చు కదా అని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. నవ్వే మొహాలు ఎవరైనా తీస్తారు.

సముద్రం పక్కన ఊళ్లో తుప్పుకి కరువేముంది? కిటికీ ఊచలు, సైకిల్ గొలుసు, గేటు గడియ, ఉప్పుగాలి దేన్నీ వదలదు. కానీ ఆ తుప్పులో ఉన్న రంగులు మామూలు ఫొటోలో రావు. బండి లోపల కనిపించేలా తీస్తే ఆకాశం తెల్లగా పోతుంది, ఆకాశం నిలబెడితే లోపలంతా మసి. అందుకే హెచ్‌డీఆర్. కెమెరాని స్టాండు మీద బిగించి ఒకే దృశ్యాన్ని మూడుసార్లు తీయాలి: ఒకటి చీకటిగా, ఒకటి మామూలుగా, ఒకటి బాగా వెలుతురుగా. మూడింటినీ కెమెరాయే కలిపేస్తుంది. అప్పుడు పైన మబ్బూ ఉంటుంది, సీటు కింద నీడలో పడున్న బోల్టూ కనిపిస్తుంది. షరతు ఒక్కటే. మూడూ తీసేదాకా ఎదురుగా ఉన్నదేదీ కదలకూడదు. కుదురులేని నాకు ఇలాంటి పిచ్చి పట్టడం చూసి మా అక్క నవ్వుతుంది. కాలుగాలిన పిల్లికి కదలని బండి కావలసొచ్చిందా అంటుంది.

ఆ అక్కే పోయిన వేసవిలో ఫోన్ చేసి, ఈసారి నవ్వకుండా, మల్కాపురం రమ్మంది. వాళ్ల ఇంటి ముందు బావ స్కూలు వ్యాన్ రెండేళ్లుగా ఆగి ఉంది. ఇంజిన్ పట్టేసింది, బాగుచేయించడం దండగ అని చెప్పి బావే తోలడం మానేశాడు. అయినా అమ్మడు. దసరా వస్తే దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతాడు. రోజూ పొద్దున్నే వెళ్లి డ్రైవరు సీట్లో కూర్చుంటాడు. ఇప్పుడు వీధిలో కాలువ తవ్వుతున్నారు, వ్యాన్ తీసేయమన్నారు. మర్నాడు పాత ఇనుము వాళ్లు వస్తున్నారు. బావ మాత్రం తాళం ఇవ్వనని భీష్మించుకు కూర్చున్నాడు. ఆయన్ని ఒప్పించే పని నా నెత్తిన పడింది.

నేను ఒప్పించే రకం కాదు. వాదన మొదలైతే ముందు నాకే ఒళ్లు మండుతుంది. అందుకని వెళ్లగానే బావతో ఫొటో తీస్తానన్నాను. బండి పోయినా ఫొటో ఉంటుంది కదా అన్నాను. బావ కాసేపు ఆలోచించి, తనని కూడా లోపల కూర్చోబెట్టి తీయమన్నాడు. ఇన్నేళ్లలో నేను తీసిన బండ్లలో ఎక్కడా మనిషి లేడు. మనిషన్నవాడు కదులుతాడు. అయినా కాదనలేకపోయాను.

రిఫైనరీ వైపు నుంచి ఘాటుగా గాలి కొడుతోంది. వీధిలో ఆటోల మోత, తవ్విపోసిన మట్టి మీద కుక్కల కొట్లాట. నాకు చిరాకు పెరిగిపోయింది. స్టాండు ముందుకి జరిపాను, వెనక్కి జరిపాను, మళ్లీ ముందుకే తెచ్చాను. బావ స్టీరింగ్ పట్టుకుని, వెనక పిల్లలు ఎక్కి కూర్చున్నట్టే నిటారుగా ఉన్నాడు. ఊపిరి కూడా బిగబట్టమన్నాను. బిగబట్టాడు. మూడు క్లిక్కులు.

స్క్రీన్ మీద చూశాను. తలుపు అంచున పొరలు పొరలుగా లేచిన తుప్పు, సగం చెరిగిన స్కూలు పేరు, అద్దంలో బావ కళ్లు, చొక్కా గుండీలు, అన్నీ స్పష్టంగా వచ్చాయి. చేతులు రాలేదు. స్టీరింగ్ మీద రెండు మసక ముద్దలు ఉన్నాయి. కదిలావు బావా అని విసుక్కుని మళ్లీ తీశాను. మళ్లీ అంతే. గట్టిగా పట్టుకోమని ఇంకోసారి తీశాను. గట్టిగా పట్టుకుంటే ఇంకా ఎక్కువ చెదిరాయి. అప్పుడు కెమెరా వదిలేసి కిటికీ దగ్గరకెళ్లి చూశాను. ఆయన వేళ్లు వణుకుతున్నాయి.

కెమెరా తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. చాలాసేపు చూశాడు.

"ఇంజిన్‌కి ఏటీ అవ్వలేదు," అన్నాడు. "ఓ రోజు మలుపులో సెయ్యి నా మాట ఇన్లేదు. ఎనకాల పిల్లలు పాటలు పాడుకుంతన్నారు. ఆళ్లందర్నీ దింపీసి వొచ్చి, తాళం పీకీసినాను, మరి తోల్లేదు. మీ అక్కకి సెప్పకు."

చెప్పక్కర్లేకపోయింది. అక్క టీ తెచ్చి నా వెనకే నిలబడి ఉంది. ఫొటో వైపు చూడనైనా లేదు.

"గలాసులో టీ సగానికే ఎందుకు పోత్తన్నాననుకున్నావు?" అంది ఆయనతో. "నువ్వే సెప్తావని సూత్తన్నాను."

బావ తల దించుకున్నాడు. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. ఒకే ఇంట్లో, ఒకే కంచం ముందు కూర్చుంటూ ఇన్నాళ్లు ఎలా దాచుకున్నారు? అక్కడ నిలబడలేక విసవిసా వీధి చివరిదాకా నడిచాను. అక్కడా నిలబడలేక తిరిగొచ్చాను. వచ్చేసరికి బావ టీ తాగుతున్నాడు. గ్లాసు అడుగున అక్క చెయ్యి ఉంది.

మర్నాడు పాత ఇనుము వాళ్లు వచ్చినప్పుడు వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. బావ దగ్గర తాళాలు తీసుకుని నేనే ఇచ్చేద్దామని ముందుకి వెళ్లబోతే అక్క నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. బావ తనే వెళ్లాడు. గుత్తిలో తాళాలు గలగలమంటూనే ఉన్నాయి. అంతమంది చూస్తుండగా, ఆ చేతిని ఎక్కడా దాచుకోకుండా, చాచి ఇచ్చాడు.